అడవిలో బాట ఎవరిది?

వేసవి సెలవులు సమీపించాయంటే మన ఉక్కునగరంలో ఒక సందడి మొదలవుతుంది. సాయంకాలం ఏ సెక్టారులో ఎవరి ఇంటి ముందు నిలబడినా రైలు టిక్కెట్ల మాటే వినిపిస్తుంది. భిలాయిలోని తెలుగు కుటుంబాలలో చాలామందికి సెలవులంటే సొంత ఊరు. సొంత ఊరికి వెళ్ళామంటే దానితోపాటు ఒక క్షేత్రదర్శనం కూడా ఉండవలసిందే. తిరుమల, సింహాచలం, శ్రీశైలం అని ఎవరి మొక్కు వారిది. మరికొందరు మిత్రులు దుర్గ్ నుంచి కార్లలోనే బయలుదేరి కాన్హా వైపో, నాగపూరు వైపో సాగిపోతారు. ఈ ప్రయాణాలలో చాలా భాగం ఏదో ఒక అడవి గుండానే జరుగుతుందన్న సంగతి మనం అంతగా పట్టించుకోము. ఆ అడవి ముఖద్వారంలో ఒక అడ్డుకర్ర దిగి మన వాహనాన్ని ఆపినప్పుడు మాత్రం ఉన్నట్టుండి గుర్తుకు వస్తుంది.

అప్పుడు ప్రతివారికీ ఒక ప్రశ్న పుడుతుంది. ప్రభుత్వ అడవి అంటే ప్రజల అడవే కదా! అందులోని రోడ్డు ప్రజల ధనంతో వేసినదే కదా! దానిమీద మన వాహనం పోరాదని ఆపే అధికారం ఎవరిది? ఈ నెల మన శీర్షికలో ఈ ప్రశ్ననే పాఠకుల ముందు ఉంచదలచాము. ఇది మాకు గ్రంథాలయంలో తారసపడిన ప్రశ్న కాదు. గత వేసవిలో ఒక రాత్రంతా మమ్మల్ని మేలుకొని కూర్చోబెట్టిన ప్రశ్న.

మూడు కుటుంబాల వారము, పిల్లలతో కలిపి పదకొండుగురము, సికిందరాబాదులో రైలు దిగి, అద్దెకు తీసుకొన్న వాహనంలో శ్రీశైలం బయలుదేరాము. ఉదయమే బయలుదేరవలసినది. బంధువుల ఇంట భోజనం, ఆపైన బజారులో కొద్దిపాటి పని, ఇంకెవరినో పలకరించడం, ఇలా సాయంత్రం అయిదయింది. దారిలో ఒక టైరు పంక్చరు అయినది. నల్లమల అంచున ఉన్న మన్ననూరు చేరేసరికి గడియారంలో తొమ్మిదీ ఇరవై. చెక్‌పోస్టు వద్ద కర్ర అప్పటికే దిగి ఉన్నది.

మన్ననూరు నుంచి దోమలపెంట వరకు సుమారు 60 కిలోమీటర్ల రహదారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోతుంది. రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఆ దారిలో వాహనాలను అనుమతించరు. ఆ సంగతి బోర్డుమీద స్పష్టంగా వ్రాసి ఉన్నది. మాలో ఒక్కరమైనా ముందుగా తెలుసుకోలేదు. తప్పు మాదే. అయితే తప్పు తనదని ఒప్పుకోవడానికి మనిషికి కొంత వ్యవధి కావాలి. మాకూ కావలసి వచ్చింది.

మాలో పెద్దవారు, బ్లాస్ట్ ఫర్నేసులో ఫోర్‌మన్‌గా పనిచేసి పదవీ విరమణ పొందినవారు, వాహనం దిగి గార్డు వద్దకు వెళ్ళారు. "బాబూ, ఇరవై నిమిషాలే కదా ఆలస్యం! ఆడవాళ్ళు, చంటిపిల్లలు ఉన్నారు. తెల్లవారుజామున అభిషేకం ఉన్నది మాకు" అని నచ్చజెప్పబోయారు. ఆ గార్డు వయసులో చిన్నవాడే. కుర్చీలోంచి లేచి నిలబడి, "సార్, మీరు పెద్దమనుషులు. ఇరవై నిమిషాలకు నేను కర్ర లేపితే, రెండు గంటలు లేటు వచ్చినోళ్ళకు గూడ లేపాలె. అగో, అక్కడ చాయ్ హోటలుంది. పిల్లలను అక్కడ పండబెట్టుండ్రి" అన్నాడు. కోపం లేదు, విసుగు లేదు. దానితో మాకు కోపం మరింత పెరిగింది. "రోడ్డు వీళ్ళ తాతగారు వేయించాడా?" అని మా బృందంలో ఒకరు వినబడేటట్టే గొణిగారు. మేమూ మనసులో అదే అనుకొన్నామని ఇక్కడ దాచకుండా చెప్పవలసి ఉన్నది.

అర్ధరాత్రి దాటి ఒకటిన్నర వేళ అడవి లోపలి వైపు నుంచి ఒక వెలుగు కనిపించింది. ఒక జీపు వస్తున్నది. అది ఇంకా దూరంగా ఉండగానే గార్డు పరుగున వెళ్ళి కర్ర ఎత్తివేశాడు. జీపు ఆగకుండానే వెళ్ళిపోయింది. లోపల ఒక స్త్రీ మూలుగు వినిపించింది. చాయ్ హోటలు యజమాని తరువాత చెప్పగా తెలిసింది. లోపలి పెంటలో ఉండే చెంచు కుటుంబం వారట. నొప్పులు మొదలైన బిడ్డను మంచం మీద రోడ్డుదాకా మోసుకొని వచ్చి, అక్కడి నుంచి జీపు ఎక్కించారట.

ఆ తరువాత మాలో ఎవరూ మాట్లాడలేదు. తెల్లవారుతుండగా ఫోర్‌మన్ గారే మౌనం విడిచారు. "మన ప్లాంటులో కరిగిన ఇనుము లాడిల్ వస్తున్నప్పుడు లెవెల్ క్రాసింగు దగ్గర ఎవరైనా ఆగవలసిందే కదా! ఎంత పెద్ద అధికారి కారైనా ఆగుతుంది. అక్కడ మనం ఎన్నడైనా, ఈ రోడ్డు ఎవరిది అని అడిగామా?" అన్నారు. ఆ ఒక్క మాటతో మా ప్రశ్నకు సగం సమాధానం దొరికినట్లయింది. మిగిలిన సగం కోసం ఇంటికి వచ్చిన తరువాత కొంత చదివాము. ఆ చదివినది పాఠకులతో పంచుకొంటాము.

మొట్టమొదట ఒక సంగతి ఒప్పుకోవాలి. అడవిలో బాట అడవి శాఖ పుట్టిన తరువాత పుట్టినది కాదు. శ్రీశైల యాత్రికులు కొన్ని వందల ఏళ్ళుగా నల్లమలను దాటుతూనే ఉన్నారు. పదునాలుగవ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ, అహోబిలానికీ మెట్లు కట్టించాడని చరిత్ర చెబుతున్నది. ఈనాటికీ మహాశివరాత్రి రోజులలో ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా భక్తులు కాలినడకన కొండ ఎక్కుతారు. ఉగాదికి కన్నడ దేశం నుంచి వచ్చే భక్తులదీ అదే దారి. కాబట్టి "దారి మాది" అని యాత్రికుడు అంటే ఆ మాటలో అబద్ధం లేదు.

అయితే ఆ యాత్రికుడు నడిచి వెళ్ళాడు. అతని వెంట మోటారు లేదు, కళ్ళు మిరుమిట్లు గొలిపే దీపాలు లేవు, గంటకు ఎనభై కిలోమీటర్ల వేగం లేదు. అడవి ఆ నడకను భరించగలిగింది. బాట అదే అయినా, దానిమీద పోయేది మారినప్పుడు బాట స్వభావమే మారిపోతుంది. సమస్య ఇక్కడే మొదలవుతున్నది.

మన చట్టాలు ఈ విషయంలో ఏమంటున్నాయో చూద్దాము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షను అభయారణ్యంలోకి ఎవరు ప్రవేశించవచ్చునో చెబుతుంది. విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగి, లోపల నివసించడానికి అనుమతి ఉన్నవాడు, లోపల స్థిరాస్తి మీద హక్కు ఉన్నవాడు, ప్రజా రహదారి మీదుగా అభయారణ్యాన్ని దాటి పోయేవాడు, మొదటి ముగ్గురిపై ఆధారపడినవారు. వీరు తప్ప మిగిలినవారు అనుమతి పత్రం తీసుకోవాలి. ఆ అనుమతులకు సంబంధించినది 28వ సెక్షను. పరిశోధన, ఛాయాగ్రహణం, విహారయాత్ర, లోపల నివసించేవారితో న్యాయమైన లావాదేవీ, ఇలాంటి పనులకు అనుమతి ఇవ్వవచ్చును. జాతీయ ఉద్యానాలకు కూడా ఈ రెండు సెక్షన్లూ వర్తిస్తాయి.

ఈ జాబితాను నెమ్మదిగా చదివితే ఒక వరుస కనిపిస్తుంది. అడవిలో ఉండేవారు ఒకరు, అడవిని దాటి పోయేవారు ఇంకొకరు, అడవిని చూడటానికి వచ్చేవారు వేరొకరు. ముగ్గురికీ బాట అవసరమే, కాని ముగ్గురి అవసరం ఒకటి కాదు. దాటి పోయేవానికి చట్టం ఇచ్చినది దాటి పోయే హక్కు మాత్రమే. దిగి వంట చేసుకొనే హక్కు గాని, రోడ్డు వదలి పక్కదారిలో వాహనం దించే హక్కు గాని అందులో లేవు. చూడవచ్చినవానికి ఉన్నది అనుమతి, అది కూడా షరతులతో. మన కర్మాగారంలో ఉద్యోగికి ఉండే గేటుపాసు వేరు, సరుకు తెచ్చే లారీవానికి ఇచ్చే పాసు వేరు, చూడవచ్చిన విద్యార్థి బృందానికి ఇచ్చేది వేరు. ఇది మనకు అవమానంగా తోచదు. లోపల ఏమి మండుతున్నదో, ఏమి కదులుతున్నదో మనకు తెలుసు గనుక.

మరి అడవిలో రాత్రివేళ ఏమి కదులుతుంది? పెద్దపులి, చిరుత, ఎలుగుబంటి, ముళ్ళపంది, పునుగుపిల్లి మొదలైన ప్రాణులు చాలావరకు సంధ్యవేళలలోనూ, రాత్రిపూటా తిరుగుతాయి. దుప్పులు, కణుతులు నీటికోసం రోడ్డు దాటవలసి వస్తుంది. వాహన దీపం కళ్ళలో పడగానే జంతువు బెదరి పరుగెత్తడానికి బదులు ఉన్నచోటనే నిలిచిపోతుంది. పగలంతా ఎండకు కాగిన తారు రోడ్డు చీకటి పడిన తరువాత కూడా వెచ్చగా ఉంటుంది గనుక పాములు దానిమీదకు చేరుతాయి. ఇక చీకటి మాటున వేటగాళ్ళకూ, కలప దొంగలకూ రోడ్డు ఎంత సహాయమో చెప్పనక్కరలేదు.

ఇదేదో దూరదేశపు కథ అనుకోవద్దు. 2023 ఆగస్టులో మన పొరుగున ఉన్న మహారాష్ట్రలో, గోందియా–కోహ్మారా రోడ్డుమీద ముర్దోలీ అడవి వద్ద, రాత్రివేళ ఒక కారు ఢీకొని పెద్దపులి మరణించింది. నవేగావ్, నాగ్‌జీరా అడవుల మధ్య వన్యప్రాణులు రాకపోకలు సాగించే ప్రాంతమది. దుర్గ్ నుంచి రాజనందగావ్ మీదుగా నాగపూరు పోయే మన జాతీయ రహదారి కూడా ఆ అడవుల నడుమ నుంచే పోతుంది. మన పిల్లలు మైత్రీబాగ్‌లో తెల్లపులిని చూసి చప్పట్లు కొడతారు. ఆదివారం అదే పిల్లలను కారులో కూర్చోబెట్టుకొని మనం నాగపూరుకు పోతాము. ఈ రెండింటికీ ఉన్న సంబంధం మనకు తోచదు.

ఇక రాత్రివేళ ఆంక్షల విషయానికి వస్తే, దేశంలో ఎక్కువగా వాదోపవాదాలు జరిగినది కర్ణాటకలోని బందిపూరు విషయంలో. 2009లో అక్కడి జాతీయ రహదారులమీద రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను నిషేధించారు. 2010లో కర్ణాటక హైకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అంబులెన్సులకూ, కొద్దిపాటి బస్సులకూ మినహాయింపు ఇచ్చారు. ఆవలివైపున ఉన్న కేరళలోని వయనాడు ప్రజలు మాత్రం దీనిని అన్యాయమన్నారు. వారి కూరగాయలు, సరుకులు, రోగులు, విద్యార్థులు ఆ దారినే మైసూరుకు పోవాలి. 2019లో పగలు కూడా ఆ రహదారి మూతపడవచ్చునన్న మాట వచ్చినప్పుడు సుల్తాన్ బత్తేరిలో యువకులు నిరాహారదీక్షలు చేశారు. వారిని అడవికి శత్రువులని తోసిపుచ్చడం సులభం. కాని తన ఊరి ఏకైక దారి పొద్దుగూకగానే మూతపడితే ఎలా ఉంటుందో, ఒక్క రాత్రి ఆగినందుకే అంత మండిపడిన మాకు కొంత తెలుసు.

అందువల్ల అడవి బాటమీద పెట్టే ఆంక్షలన్నీ మంచివని గాని, అన్నీ చెడ్డవని గాని మేము అనబోము. ఒక ఆంక్ష న్యాయమైనదా కాదా అని తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు వేసుకొంటే చాలునని మాకు తోచింది.

మొదటి ప్రశ్న: ప్రాణం మీదికి వచ్చినప్పుడు కర్ర లేస్తుందా? మన్ననూరులో ఆ రాత్రి మేము చూసినది అదే. యాత్రికుల అభిషేకానికి లేవని కర్ర, ప్రసవ వేదన పడుతున్న తల్లికి క్షణంలో లేచింది. లేవకపోయి ఉంటే ఆ నిబంధనను మేము ఇలా మెచ్చుకొని ఉండేవారము కాము.

రెండవ ప్రశ్న: మూసిన దారికి బదులు వేరే దారి ఉన్నదా? ఈ ప్రశ్న కొత్తది కాదు. మన ఛత్తీస్‌గఢ్‌లో వర్తించే 1927 నాటి భారత అటవీ చట్టం 25వ సెక్షనులోనే ఇది ఉన్నది. రిజర్వు అడవిలోని బాటను ప్రభుత్వ ఆమోదంతో అటవీ అధికారి మూసివేయవచ్చును గాని, దానికి బదులు తగినంత సౌకర్యంగా ఉండే మరొక బాట అప్పటికే ఉండాలి, లేదా కట్టి ఇవ్వాలి. పరాయి ప్రభుత్వం చేసిన చట్టం, అడవి మీద ప్రజల హక్కులను ఎంతగానో కుదించిన చట్టం. అది కూడా ఈ ఒక్క నియమాన్ని కాదనలేకపోయింది. దారి మూయడమంటే మనుషుల రాకపోకలనే మూయడమని అప్పటివారికీ తెలుసు.

మూసివేయడం ఒక్కటే మార్గం కాదని కూడా ఈ కాలంలో తెలిసివచ్చింది. నాగపూరు నుంచి సివనీ వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారిని పెంచ్ అడవి గుండా నాలుగు వరుసలుగా విస్తరించినప్పుడు, మహారాష్ట్ర భాగంలో జంతువులు కిందనుంచి దాటిపోయేందుకు తొమ్మిది కట్టడాలు నిర్మించారు. వాటిలో అతి పొడవైనది 750 మీటర్లు. రోడ్డు పైన పోతుంది, అడవి కింద యథాతథంగా సాగుతుంది. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ అమర్చిన కెమెరాలలో పులులతో సహా అనేక జంతువులు ఆ కట్టడాల కిందుగా నడిచిపోతూ కనిపించాయి. ఖర్చు ఎక్కువే. కాని వంతెన అంటే ఇనుము, ఇనుమంటే మన పని. మన చేతిలోనుంచి పోయిన ఉక్కు ఎక్కడో ఒక పులికి దారి ఇస్తుందనుకొంటే మన వృత్తిమీద మనకు గౌరవం పెరగదా!

మూడవ ప్రశ్న: నిబంధన అందరికీ ముందుగా తెలుస్తున్నదా? బోర్డు చెక్‌పోస్టు వద్ద ఉంటే చాలదు. అక్కడికి వచ్చిన తరువాత తెలిసిన నిబంధన దండనవలె తోస్తుంది. బయలుదేరకముందే తెలిసినది ప్రయాణ ఏర్పాటులో భాగమైపోతుంది. ఈ విషయంలో అమెరికావారి పద్ధతి ఒకటి గమనింపదగినది. వారి జాతీయ అడవులలో మూడున్నర లక్షల మైళ్ళకు పైగా రోడ్లు ఉన్నాయి. ఒకప్పుడు మోటారు సైకిళ్ళు, జీపులు తోచినచోటల్లా తిరిగి నేలను, వాగులను పాడుచేశాయి. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఈ విషయమై ఒక ఉత్తర్వు జారీచేశారు. 2005లో వచ్చిన నిబంధన ప్రకారం ప్రతి జాతీయ అడవీ తనలో ఏ దారి, ఏ తరహా వాహనానికి, ఏ ఋతువులో తెరచి ఉంటుందో నిర్ణయించి ఒక పటం ప్రచురించాలి. ఆ పటం ప్రజలకు ఉచితం. పటంలో ఉన్న దారి తెరచినది, లేనిది మూసినది. అక్కడా వివాదాలు లేకపోలేదు. తమకు ఇష్టమైన దారి పటంలో లేదని అలిగేవారు ఎందరో. అయినా ఆ అలకకు ఒక కాగితం ఆధారంగా ఉన్నది, దానిమీద అభ్యంతరం చెప్పుకొనే వీలు ఉన్నది. మన అడవులకు కూడా అటువంటి పటం ఒక్కొక్కటి ఉండి, బస్‌స్టాండులలోనూ రైల్వేస్టేషన్లలోనూ కనిపిస్తే ఎంత బాగుండును!

దాటి పోయేవారి సంగతి ఇంతవరకు చెప్పుకొన్నాము. చూడవచ్చేవారి సంగతి కూడా కొంత చెప్పుకోవాలి, ఎందుకంటే మనలో చాలామందిమి ఈ కోవకు చెందినవారమే. 2024 డిసెంబరు 31న నాగపూరు సమీపంలోని ఉమ్రేడ్–కర్హాండ్లా అభయారణ్యంలో విహారయాత్ర వాహనాలు రెండువైపులా నిలిచి, ఒక ఆడపులినీ దాని పిల్లలనూ దారిమధ్య అడ్డగించాయి. ఆ దృశ్యం దేశమంతటా ప్రచారమైనది. బొంబాయి హైకోర్టు నాగపూరు ధర్మాసనం తనంత తానుగా ఆ విషయాన్ని విచారణకు చేపట్టింది. ఆ వాహనాలన్నీ అనుమతి ఉన్నవే, లోపలికి దొంగతనంగా పోయినవి కావు. అంటే అనుమతి పత్రం ఉన్నంత మాత్రాన మర్యాద దానంతట అదే రాదని తేలుతున్నది. ఫోటో తీయించుకొనే తొందరలో ఆ బండ్లలో ఉన్నవారు మనవంటి కుటుంబీకులే అన్న సంగతి మరువరాదు.

ఇక అడవిలో ఉండేవారి సంగతి. నల్లమలలో యాత్రికులకు తారు రోడ్డు ఉన్నది. ఆ రోడ్డుకు దూరంగా ఉన్న పెంటలోని తల్లికి మంచమే వాహనమైనది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభ సిఫారసుతో రోడ్డు, బడి, ఆసుపత్రి వంటి సౌకర్యాలకు ఒక్కొక్కదానికి ఒక హెక్టారు లోపు అటవీభూమిని ఇవ్వవచ్చునని చెబుతున్నది. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టరాదు. అడవికి పెద్ద నష్టం లేకుండా ఒక పల్లెకు అంబులెన్సు పోగల బాట వేసుకొనే వీలు చట్టంలోనే ఉన్నదన్నమాట. రాత్రిపూట మన వాహనం ఆపితే పత్రికలకు ఉత్తరాలు వ్రాసే మనం, ఆ బాట కోసం ఒక్క వాక్యమైనా వ్రాశామా?

ఈ సందర్భంలో సలేశ్వరం జాతరను కూడా తలచుకోవాలి. చైత్ర పౌర్ణమి రోజులలో అమ్రాబాద్ అడవి నడుమ ఉన్న ఆ లోయలోకి వేలాది భక్తులు పోతారు. సంవత్సరంలో మిగిలిన రోజులన్నీ మూసి ఉండే ఆ దారిని ఆ కొద్ది రోజులు తెరుస్తారు. వాహనాలు కొంతదూరం వరకే, ఆపైన రాళ్ళలో కాలినడక. నమ్మకానికీ అడవికీ మధ్య ఇటువంటి ఒడంబడిక సాధ్యమేనని ఆ జాతర చెబుతున్నది. అయితే జాతర ముగిసిన తరువాత లోయలో మిగిలే ప్లాస్టిక్కు సంచుల సంగతి ఆ ఒడంబడికలో లేదు. అది మన వైపు బాకీ.

భిలాయి వాసులుగా మనకు ఇంకొక బాకీ కూడా ఉన్నది. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన నాటినుంచి మన కొలిమికి ఖనిజం దల్లీ–రాజహరా గనులనుంచి వచ్చింది. ఆ నిల్వలు తరుగుతున్నందున రావ్‌ఘాట్ వైపు 95 కిలోమీటర్ల రైలుమార్గం తలపెట్టారు. ఆ దారీ అడవి గుండానే పోతున్నది. మన ఇంటి పొయ్యి, మన పిల్లల చదువు, ఈ పత్రిక అచ్చయ్యే కాగితం వరకు అన్నీ అడవి దారిన వచ్చినవే. కనుక అడవిని ముట్టుకోరాదని ఇతరులకు బోధించే అర్హత మనకు అంతగా లేదు. అడవి మనకు ఇచ్చినదానికి బదులుగా దాని గుమ్మం వద్ద కొన్ని గంటలు ఆగే ఓర్పు మాత్రం మన చేతిలో ఉన్నది.

ఆ ఉదయం ఆరు గంటలకు కర్ర లేచింది. వరుసలో ఉన్న వాహనాలన్నీ పందెం గుర్రాలవలె దూకాయి. వటువర్లపల్లి చేరకముందే ఒకచోట రోడ్డుమీద ఒక కోతి చచ్చిపడి ఉన్నది. పక్కనే అరటితొక్కలు, బూందీ పొట్లాం చిరుగులు. ముందుపోయిన ఎవరో పుణ్యానికి వేసిన ఆహారం. ఆ ఆహారం కోసమే కోతులు రోడ్డెక్కుతాయి, వెనుక వచ్చే బండి కింద పడతాయి. ఫోర్‌మన్ గారి మనుమరాలు చేతిలోని అరటిపండును కిటికీలోంచి వేయబోయి, మళ్ళీ సంచిలో పెట్టుకొన్నది. ఎవరూ చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో మన్ననూరుకు ఎనిమిదిలోపే చేరాము. ఆ తల్లి ఎలా ఉన్నదో అడుగుదామని వాహనం ఆపించాము. కుర్చీలో వేరొక గార్డు ఉన్నాడు. ఆ రాత్రి సంగతి అతనికి తెలియదు. చాయ్ హోటలు మూసి ఉన్నది. బిడ్డ క్షేమంగా పుట్టి ఉంటుందనే నమ్మకంతో ఇంటిదారి పట్టాము.

ఈ సెలవులలో ప్రయాణం తలపెట్టిన సహోద్యోగులకు మా మనవి కొద్దిపాటిదే. మీ దారిలో ఏ అడవి ఉన్నదో, అది ఏ వేళల్లో మూసి ఉంటుందో బయలుదేరకముందే విచారించండి. కాన్హాలో ప్రధాన ప్రాంతం జూలై నుంచి సెప్టెంబరు చివరి వరకు సందర్శకులకు మూసి ఉంటుంది, కనుక వానాకాలపు సెలవు పెట్టేవారు ముందే చూసుకోండి. అడవిలో ప్రవేశించిన తరువాత వేగం తగ్గించండి, హారను మోగించకండి, రోడ్డు వదలి వాహనం దించకండి, కోతులకు ఏమీ వేయకండి. సంచిలో తీసుకుపోయినది సంచిలోనే తిరిగి తెచ్చుకోండి. కర్ర దిగి ఉంటే గార్డుతో వాదించకండి, పిల్లలకు కారణం వివరించండి. లోపలినుంచి ఏదైనా బండి ఆత్రంగా వస్తున్నట్లు కనిపిస్తే మీ వాహనాన్ని పక్కకు తీసి దారి ఇవ్వండి.

అడవిలో బాట ఎవరిదన్న ప్రశ్నకు మాకు దొరికిన సమాధానం ఇది: బాట అందరిదీ, కాని వరుస ఉన్నది. ఆ వరుసలో విహారానికి పోయే మన చోటు చివరిది. మీ ప్రయాణాలలో అడవి చెక్‌పోస్టుల వద్ద మీకు ఎదురైన మంచిచెడ్డలు మాకు వ్రాసి పంపితే, రాబోయే సంచికలలో వాటికి ఈ శీర్షికలోనే చోటు కల్పిస్తాము. అందరికీ శుభయాత్ర.